తెలుగు పదజాలంలో శుద్ధత భావన

ఒక భాషలోని మాటల్లో కొన్ని ఆ భాషకు పుట్టుకతో వచ్చినవనీ, కొన్ని బయటి నుంచి చేరినవనీ విడదీసి, మొదటివాటికి ఎక్కువ గౌరవాన్నో అధికారాన్నో ఇచ్చే ఆలోచనను భాషాశాస్త్రంలో శుద్ధతావాదం అంటారు. ఈ ఆలోచన పదం పుట్టుకను పట్టుకొని ఒకసారి, పదం రూపాన్ని పట్టుకొని ఒకసారి, పదం అర్థాన్ని పట్టుకొని మరొకసారి తలెత్తుతుంది. మాట ఏ భాష నుంచి వచ్చిందన్నది మొదటి ప్రశ్న, దాన్ని పెద్దలు చెప్పిన తీరులోనే పలుకుతున్నారా అన్నది రెండవది, తొలినాటి అర్థంలోనే వాడుతున్నారా అన్నది మూడవది. తెలుగులో ఈ మూడు ప్రశ్నలనూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు వర్గాలు లేవనెత్తాయి. పుట్టుకలోని శుద్ధతను కవులు ఒక విద్యగా ప్రదర్శించారు, రూపంలోని శుద్ధతను పండితులు శాసనంగా విధించారు, అర్థంలోని శుద్ధత మాత్రం వాడుక ముందు ఏనాడూ నిలవలేదు. తెలుగు రాతలు దొరికిన తొలినాళ్ల నుంచి నేటి వరకు ఏ దశలోనూ ఈ భాష కలగలుపు లేకుండా కనిపించదు. కాబట్టి శుద్ధమైన తెలుగు అన్నది ఒకప్పుడు ఉండి తరువాత చెడిపోయిన స్థితి కాదని, ఆయా కాలాల వారు కావాలని ఎంచుకొన్న ఒక రచనారీతి అని గ్రహించడం ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టు.

అద్దంకి శాసనం

తెలుగు మొదటి నుంచీ కలగలుపు భాషేనన్న మాటకు బలమైన సాక్ష్యం పత్తి, మిరప పండే గుంటూరు, ఒంగోలు మైదానాల నడుమ, గుండ్లకమ్మ నది పరిసరాల్లో ఉన్న అద్దంకిలో దొరికింది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన ఈ శాసనాన్ని చరిత్రకారులు సాధారణంగా క్రీ.శ. 848 నాటిదిగా లెక్కిస్తారు. నన్నయ భారతానికి దాదాపు 200 ఏళ్ల ముందే తెలుగులో పద్యం స్థిరపడిందని చూపే శాసనాల్లో ఇది ప్రధానమైనది. ఇందులోని పద్యం తరువోజ, అంటే ద్విపద పాదాన్ని రెట్టించి నాలుగు పాదాలుగా నడిపే దేశి ఛందస్సు. పండరంగడు బోయల కొట్టాలు పన్నెండింటిని పట్టుకోవడాన్ని, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేయడాన్ని, కందుకూరును బెజవాడ అంతటి స్థలంగా తీర్చిదిద్దడాన్ని ఆ పద్యం చెబుతుంది.

ఛందస్సు దేశిదైనా పద్యంలోని మాటలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ప్రథమం, బలం, గర్వం, సేన, ప్రభువు, సామంతుడు, త్రిభువనాంకుశ బిరుదు, దుర్గం వంటివి సంస్కృతం నుంచి వచ్చినవి. కట్టడం, పంచడం అనగా పంపడం, లేవడం, కొనడం, నిలవడం, మెచ్చడం అనే క్రియలూ, పండ్రెండు అనే సంఖ్యా, గుంపు అనే అర్థంలోని పదువ అనే మాటా తెలుగువి. అధికారానికి, హోదాకు, సైన్యానికి చెందిన పేర్లు ఎక్కువగా సంస్కృతం వైపునా, పనులను చెప్పే క్రియలు దాదాపు అన్నీ తెలుగు వైపునా నిలిచిన ఈ పంపకం వెయ్యేళ్లు దాటినా పెద్దగా మారలేదు. నేటి ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగులోనూ నామవాచకాలు పరాయివై, వాక్యాన్ని ముగించే క్రియ సొంతదై కనిపిస్తుంది. అంతకు ముందరి శాసనాలు చూసినా పరిస్థితి ఇంతే. సుమారు క్రీ.శ. 575 నాటివని చెప్పే కడప ప్రాంతపు కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు తెలుగులో దొరికిన తొలి పూర్తి శాసనాలు కాగా, వాటిని వేయించిన రేనాటి చోళరాజు పేరులోనే ఎరికల్ ముత్తురాజు అనే దేశి బిరుదూ ధనంజయుడు అనే సంస్కృత నామమూ పక్కపక్కన ఉన్నాయి.

వ్యాకర్తలు గీసిన గీతలు

మాటలను పుట్టుకను బట్టి వర్గీకరించే పద్ధతిని తెలుగు వ్యాకర్తలు సంస్కృత, ప్రాకృత వ్యాకరణాల నుంచి తీసుకున్నారు. 13వ శతాబ్దిలో ఆంధ్రభాషాభూషణం రాసిన కేతన తెలుగు మాటలను తత్సమం, తద్భవం, అచ్చ తెలుగు, దేశ్యం, గ్రామ్యం అని ఐదు విధాలుగా విభజించాడు. సంస్కృత రూపాన్ని దాదాపు అలాగే ఉంచి తెలుగు విభక్తి చేర్చిన మాట తత్సమం, సంస్కృత ప్రాకృతాల నుంచి పుట్టి రూపం మారిన మాట తద్భవం, ఈ నేల వ్యవహారంలోనే సిద్ధించిన మాట దేశ్యం, వ్యాకరణ లక్షణానికి విరుద్ధమైన మాట గ్రామ్యం. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి ఈ విభాగాలను నాలుగుకు కుదించి, తత్సమం కానిదంతా అచ్చ అని నిర్వచించాడు.

ఈ నిర్వచనం పైకి చిన్నదిగా కనిపించినా ఫలితాల్లో చాలా పెద్దది. దీని ప్రకారం శ్రీ నుంచి వచ్చిన సిరి, రాత్రి నుంచి వచ్చిన రాతిరి, పూర్ణిమ నుంచి వచ్చిన పున్నమి, కావ్యం నుంచి వచ్చిన కబ్బం, ద్వీపం నుంచి వచ్చిన దీవి, పంక్తి నుంచి వచ్చిన బంతి, విజ్ఞాపన నుంచి వచ్చిన విన్నపం అన్నీ అచ్చ తెలుగు మాటలే. అంటే తెలుగు వ్యాకరణంలో శుద్ధత పుట్టుకను బట్టి వచ్చే హక్కుగా కాక, నోళ్లలో నలిగి తెలుగు పలుకుబడికి లొంగిన మాటకు దక్కే గుర్తింపుగా నిలిచింది. బయటి నుంచి వచ్చిన మాటకూ కాలక్రమంలో ఇంటి మాట అయ్యే దారిని ఈ సంప్రదాయం తెరిచి ఉంచడం దాని ఉదారగుణం. అచ్చ అనే మాట కూడా తేటయైన, నిర్మలమైన అనే అర్థమున్న సంస్కృత శబ్దంతో సంబంధమున్నదే.

అయితే అదే సంప్రదాయం మరొక చోట ఆ ఔదార్యాన్ని పోగొట్టుకుంది. తత్సమాన్ని ప్రకృతి అనీ, తద్భవాన్ని వికృతి అనీ పిలవడం వల్ల మూలం సహజమైనదనీ, వాడుకలో మారినది వికారమైనదనీ ఒక తీర్పు పేరులోనే చేరిపోయింది. బడి పిల్లలు ఈనాటికీ ప్రకృతి వికృతుల పట్టికలను ఈ పేర్లతోనే కంఠస్థం చేస్తున్నారు. చరిత్ర దృష్టితో చూస్తే ఈ తీర్పు నిలవదు. కృష్ణా, గుంటూరు సీమల్లో భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. సాతవాహనులు, ఇక్ష్వాకులు పాలించిన శతాబ్దాల్లో ఆ భాష రాజ్యవ్యవహారానికీ బౌద్ధ సంఘాలకూ వాహకంగా పనిచేసింది. కాబట్టి ఈనాడు తద్భవాలుగా లెక్కించే మాటల్లో చాలా భాగం సంస్కృత పదాలను తెలుగువారు సరిగా పలకలేక పాడుచేసినవి కావు, అప్పటికే ప్రాకృత రూపంలో సజీవంగా ఉన్నవాటిని విని స్వీకరించినవి. మరోవైపు సంస్కృతానిదని భావించే మాటల్లోనూ కొన్ని దక్షిణం నుంచి అటు వెళ్లాయి. చేపకు పేరైన మీన శబ్దం, నీటికి పేరైన నీర శబ్దం ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలో చేరాయని థామస్ బరో, ముర్రే ఎమెనో వంటి భాషావేత్తలు వాదించారు. అప్పుడు మీనం తత్సమమై, మీను దేశ్యమై, రెండూ ఒకే ఇంటి మాటలవుతాయి.

అచ్చ తెలుగు కావ్యాలు

తత్సమాలను పూర్తిగా విడిచి కావ్యం రాయడం దక్షిణ భారతంలో మొదట కన్నడంలో కనిపిస్తుంది. 13వ శతాబ్దికి చెందిన ఆండయ్య కబ్బిగర కావ అనే కావ్యాన్ని ఆ నియమంతో రాశాడు. తెలుగులో ఆ పని చేసిన తొలి ప్రసిద్ధ కవి 16వ శతాబ్దికి చెందిన పొన్నికంటి తెలగన. ఆయన యయాతి చరిత్రను గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా అధికారి, పటాన్‌చెరువుకు చెందిన అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. తెలుగు శుద్ధతకు నిలువుటద్దంగా పేరుపొందిన తొలి కావ్యం పారసీక సంస్కృతిలో పెరిగిన దొర ఆదరణలో వెలిసిందన్న సంగతి గమనింపదగినది. ఆనాటి శుద్ధతాభిమానం వెనుక మతద్వేషం గాని ఇతర భాషల మీద కోపం గాని లేవని, అది కవి తన పట్టును చూపుకొనే సాహసమని ఈ అంకితమే తెలుపుతుంది. 18వ శతాబ్దిలో పిఠాపురం ప్రాంతపు కవి కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణం, నీలాసుందరీ పరిణయం రచించి ఈ దారిని విస్తరించాడు.

కల్లంలో తాలుకాయను ఏరిపారేసినట్టు తత్సమాన్ని ఏరిపారేస్తూ కథ నడపడం తేలిక పని కాదు. పురాణ కథల్లో దేవతల పేర్లన్నీ సంస్కృతమే కావడం వల్ల కవులు బ్రహ్మను నలువ అనీ, శివుణ్ణి ముక్కంటి అనీ, విష్ణువును వెన్నుడు అనీ, చంద్రుణ్ణి తొగలరాయుడు అనీ పిలుచుకున్నారు. ఈ అవసరం పర్యాయపద నిఘంటువులకు ఊపునిచ్చింది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదం సూరకవి ఆంధ్రనామశేషం అచ్చ తెలుగు మాటలను పద్యాల్లో కూర్చి కవులకు అందించాయి. లేకపోతే మరుగున పడిపోయి ఉండే ఎన్నో మాటలు వీటివల్ల నిలిచాయి. ఇది అచ్చ తెలుగు కవులు భాషకు చేసిన నిజమైన మేలు. కాని వారి భాష జనం మాట్లాడే భాష కాదు. సామాన్యులు నిత్యం వాడే తత్సమాలను వదలి, వారెన్నడూ వినని సమాసాలను కల్పించడం వల్ల అచ్చ తెలుగు కావ్యం సంస్కృత సమాసభూయిష్ఠమైన ప్రబంధం కంటే కష్టంగా అర్థమయ్యే సందర్భాలు కోకొల్లలు.

జనానికి చేరువ కావాలన్న ఉద్దేశంతో దేశి వైపు మొగ్గిన దారి వేరుగా ఉంది. పాల్కురికి సోమనాథుడు ద్విపదను చేపట్టి, అందరికీ తెలిసే జాను తెనుగును మెచ్చుకుంటూ రచన చేశాడు. ఆయన సంస్కృతాన్ని వెలివేయలేదు. తెలిసేలా చెప్పడమే ఆయనకు కొలమానం, మాట పుట్టుక కాదు. తిక్కన భారత భాగంలో తెలుగు పలుకుబడి పాలు పెరగడాన్ని కూడా విమర్శకులు ఇలాగే అర్థం చేసుకున్నారు.

తత్సమం వైపు, దేశ్యం వైపు మొగ్గిన శైలుల నడుమ వంతెన కట్టిన కవికీ అద్దంకితో సంబంధం ఉంది. 14వ శతాబ్ది పూర్వార్ధంలో అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఎర్రన ఉన్నాడు. హరివంశాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. నన్నయ ఆపిన చోటి నుంచి అరణ్యపర్వ శేషాన్ని పూరించేటప్పుడు, నన్నయ ధోరణిలో మొదలుపెట్టి క్రమంగా తిక్కన ధోరణిలోకి నడిపించాడని, అతుకు ఎక్కడ ఉందో పాఠకుడికి తెలియనివ్వలేదని సాహిత్య సంప్రదాయం ఆయన్ను మెచ్చుకుంటుంది. తత్సమం ఎక్కువైన నన్నయ తెలుగునూ దేశ్యం ఎక్కువైన తిక్కన తెలుగునూ ఒకే భాషకు చెందిన రెండు మోతాదులుగా చూడగలిగిన ఎర్రన దృష్టి, శుద్ధత గురించి తరువాత వచ్చిన వాదాల్లో చాలావాటి కంటే విశాలమైనది. అదే ఊళ్లో అంతకు సుమారు 500 ఏళ్ల ముందు చెక్కిన తరువోజలోనూ ఇదే పొందిక ఉంది.

నిఘంటువులు, గ్రామ్యవాదం

పదాల పుట్టుక గురించిన చర్చ 19వ శతాబ్దిలో శాస్త్రీయ స్వరూపం దాల్చింది. మచిలీపట్నం వర్తకుడు, పండితుడు మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపిక నిఘంటువు పీఠికలో పదవిభాగాన్ని వివరించాడు. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ వివరణను ఆధారం చేసుకొని, 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దాని దేశ్య ధాతువులు తమిళ కన్నడాలతో కలుస్తాయని చూపాడు. దేశ్య పదాలు కేవలం మిగిలిపోయిన మాటల కుప్ప కాదని, భాషకు పునాది అవేనని మొదటిసారి స్పష్టమైంది. 1856లో కాల్డ్‌వెల్ రాసిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణానికి ఇది 40 ఏళ్ల ముందరి మాట.

నిఘంటుకారులు ఈ వర్గాలను ఆచరణలో పెట్టిన తీరు కూడా ముఖ్యమైనది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో తెలుగు, ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించి, కచేరీల్లోనూ బజారుల్లోనూ వాడే పారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలకు మిశ్రభాషా నిఘంటువు పేరుతో వేరే సంపుటం కేటాయించాడు. ఈ విభజన సౌకర్యం కోసం చేసినదే అయినా, అవి తెలుగు మాటలు కావేమోనన్న అభిప్రాయానికి కొంత ఊతమిచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరం ప్రతి పదం పక్కన అది సంస్కృతమో, దేశ్యమో, వైకృతమో సూచించే గుర్తును పెట్టింది. కావ్యప్రయోగం లేని వాడుక మాటలను మాత్రం అది చాలా వరకు విడిచిపెట్టింది.

అక్కడ శుద్ధత పుట్టుక నుంచి రూపానికి మళ్లింది. 20వ శతాబ్ది మొదటి దశకాల్లో సాగిన గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో పరాయి పదాలు ప్రధాన విషయం కాదు. వచ్చినాడు అనాలా వచ్చాడు అనాలా, చేయుచున్నాడు అని రాయాలా చేస్తున్నాడు అని రాయాలా అన్నదే తగవు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో కావ్యభాషే శుద్ధమైనదని పట్టుబట్టింది. దీనికి భిన్నంగా వాడుక భాష పక్షాన నిలిచిన గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయ సంఘానికి 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి, పూర్వకవుల గ్రంథాల్లోనూ శాసనాల్లోనూ పండితులు తప్పుపట్టే రూపాలు ఎన్ని ఉన్నాయో ఏరి చూపుతూ పుస్తకాలు ప్రకటించి, 1919లో తెలుగు అనే పత్రికను స్థాపించాడు. గ్రామ్యమనే ముద్ర వ్యాకరణ శాస్త్రంలోని ఒక సాంకేతిక విభాగమే అయినా, ఆచరణలో అది ఊళ్లలో ఉండేవారి మాట తప్పు అనే సామాజిక తీర్పుగా మారిందని గిడుగు గట్టిగా చెప్పాడు. ఆ తీర్పు వల్ల నష్టపోయింది చదువు కోసం బడికి వచ్చిన పల్లె పిల్లలు. తమ ఇంట్లో పలికే మాటను రాయరాదని మొదటి రోజే వినవలసి వచ్చిన పిల్లవాడి ఎదుట శుద్ధత ఒక గోడ అయింది.

పొలంలో, యార్డులో

పుట్టుకను బట్టి శుద్ధతను నిర్ణయించడం ఎంత కష్టమో అద్దంకి పరిసరాల పంటల పేర్లు చెబుతాయి. పత్తి అనే మాటకు పాత రూపం ప్రత్తి, తమిళంలో పరుత్తి, కన్నడంలో హత్తి. అది నిస్సందేహంగా దేశ్యం. దారానికి పేరైన నూలు కూడా దేశ్యమే. ఆ పత్తిని చేను నుంచి తెచ్చాక గింజలు తీయించే చోటికి మాత్రం జిన్నింగు మిల్లని పేరు, అక్కడ తయారయ్యేవి బేళ్లు. మిరప కథ మరింత ఆసక్తికరమైనది. అమెరికా ఖండపు ఈ మొక్క 16వ శతాబ్దిలో పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరింది. కొత్త కారానికి కొత్త పేరు వెతకకుండా, అంతవరకు వంటలో కారమిచ్చిన మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. మిరియమేమో సంస్కృత మరిచ శబ్దానికి తద్భవం. అదే మరిచ శబ్దం ఉత్తరాదిలో మిర్చి అయి, హిందుస్తానీ దారిలో తెలుగు మార్కెట్లకు వచ్చింది. చేలో పెంచేటప్పుడు మిరప, గుంటూరు మార్కెట్ యార్డులో బస్తాలు దింపేటప్పుడు మిర్చి. రెండు మాటలూ ఒకే మూలం నుంచి బయలుదేరి రెండు వేర్వేరు తోవల్లో ఒకే రైతు నోటికి చేరాయి. వ్యాకరణం లెక్కలో ఒకటి అచ్చ తెలుగు, మరొకటి అన్యదేశ్యం, అంటే ఇతర దేశభాషల నుంచి నేరుగా వచ్చిన మాట.

ఒంగోలు సీమలో విరివిగా పండే పొగాకు, ఇతర చోట్ల వేసే మొక్కజొన్న, వేరుశనగ కూడా అమెరికా నుంచి వచ్చిన పంటలే, పేర్లు మాత్రం తెలుగు వారు ఉన్న మాటలతో కట్టుకున్నవి. ఇందుకు ఎదురుగా, తరతరాలుగా ఈ నేలను దున్నుతున్న మనిషిని సూచించే రైతు శబ్దం అరబ్బీ నుంచి వచ్చింది. రయ్యత్ అంటే పాలితులైన ప్రజలు. పారసీ రెవెన్యూ పరిభాషలో సాగుదారుకు వాడుకైన ఆ మాట, మద్రాసు రాజధానిలో థామస్ మన్రో స్థిరపరచిన రైతువారీ పద్ధతితో ఊరూరా వ్యాపించింది. సాగుదారుకు పూర్వం తెలుగులో ఉన్న కాపు అనే మాట క్రమంగా కుల నామంగా కుదించుకుపోయింది. కౌలు, ఖరీఫ్, రబీ, జిల్లా, అసలు అరబ్బీ మూలం నుంచి, బస్తా, దస్తావేజు, రసీదు పారసీ నుంచి, మేస్త్రీ, అలమార పోర్చుగీసు నుంచి వచ్చాయి. వీటిని తీసేసి ఈ ప్రాంతపు రైతు ఒక రోజు పని చెప్పుకోవడం అసాధ్యం. వీటిలో ఒక్కదాన్ని కూడా అతడు పరాయి మాటగా భావించడు, భావించవలసిన పనీ లేదు.

అర్థంలో శుద్ధత

పదానికి తొలినాటి అర్థమే నిజమైన అర్థమని, తరువాతి వాడుక తప్పని భావించడాన్ని వ్యుత్పత్తి భ్రమ అంటారు. ఇంగ్లీషులో ఈ భ్రమ చుట్టూ పెద్ద చర్చ నడిచింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఆ భాషలోకి ఫ్రెంచి మాటలు వెల్లువలా రాగా, 1557లో జాన్ చీక్ అనే పండితుడు తమ భాషను ఇతర భాషల కలయిక లేకుండా శుద్ధంగా రాయాలని కోరాడు. ఆ కోరికను తెలపడానికి అతడు వాడవలసి వచ్చిన ప్యూర్ అనే పదం లాటిన్ పుట్టుక కలిగి, ఫ్రెంచి ద్వారా వచ్చినదే. 1712లో జోనథన్ స్విఫ్ట్ భాషను స్థిరపరచే సంస్థ కావాలని ప్రతిపాదించాడు. 1755లో నిఘంటువు ముగించిన శామ్యూల్ జాన్సన్ అటువంటి ఆశ తనకూ ఉండేదని, మాటల మార్పును ఎవరూ ఆపలేరని పీఠికలో ఒప్పుకొన్నాడు. 1878లో విలియం బార్న్స్ లాటిన్ గ్రీకు మాటలకు బదులుగా పాత ఇంగ్లీషు ధాతువులతో కొత్త మాటలు కట్టాడు గాని వాటిలో అధిక భాగం వాడుకలోకి రాలేదు. అర్థాల సంగతికి వస్తే, మంచి అనే అర్థంలో ఈనాడు వాడే నైస్ అన్నమాట లాటిన్‌లో తెలివిలేని అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. తెలివితక్కువ అనే అర్థమున్న సిల్లీకి పాత ఇంగ్లీషులో ధన్యమైన అని అర్థం. పూర్వం జంతువు ఏదైనా డీర్ అయ్యేది, ఇప్పుడు జింక మాత్రమే డీర్.

తెలుగులో అర్థపరిణామం ఇంతకన్నా విస్తారంగా జరిగింది. నువ్వుల నెయ్యి అనే సమాసం నుంచి వచ్చిన నూనె ఇప్పుడు వేరుశనగ నుంచి తీసినా, పత్తిగింజల నుంచి తీసినా నూనే. దీన్ని అర్థవ్యాకోచం అంటారు. బట్ట ఏదైనా చీర అనిపించుకున్న కాలం పోయి, ఆడవారు కట్టేది మాత్రమే చీర అయింది. ఇది అర్థసంకోచం. వాసన అనే మేలైన అర్థమున్న కంపు దుర్వాసనకు దిగజారగా, సంస్కృతంలో జూదశాల నడిపేవాడైన సభికుడు తెలుగులో గౌరవనీయుడైన శ్రోత అయ్యాడు. తత్సమాలు రూపం మార్చుకోకపోయినా అర్థం మార్చుకున్నాయి. సోమరితనమనే అర్థమున్న ఆలస్యం జాగు అయింది, లోపలిది అనే అర్థమున్న అభ్యంతరం ఆక్షేపణ అయింది, తర్కంతో చేరే నిర్ణయమైన అనుమానం సందేహమైంది. ప్రయత్నమనే అర్థమున్న ఉద్యోగం జీతమిచ్చే కొలువుకు పేరైంది, గట్టి నిశ్చయమనే అర్థమున్న వ్యవసాయం సేద్యానికి స్థిరపడింది. రూపాన్ని చూసి తత్సమం సంస్కృతంతో సమానమనుకోవడం ఎంత పొరపాటో ఈ మాటలు చాటుతున్నాయి. కాశీ పండితుడికి వ్యవసాయం అనే మాట తెలిసినా, దాన్ని అద్దంకి రైతు ఏ అర్థంలో అన్నాడో విడిగా చెబితే తప్ప తెలియదు. రూపం సంస్కృతానిది, అర్థం తెలుగుది. ఆ రెండింటిలో భాషను నడిపేది అర్థమే గనుక ఇలాంటి పదాలను పూర్తిగా తెలుగు మాటలుగానే లెక్కించడం న్యాయం.

ఆధునిక దశ

తమిళంలో మరైమలై అడిగళ్ 1916లో ఆరంభించిన శుద్ధ తమిళ ఉద్యమం రాజకీయాలతో పెనవేసుకొని జనబాహుళ్యానికి చేరింది. తెలుగులో పదాల పుట్టుకను గురించిన అటువంటి ప్రజోద్యమం రాలేదు. భాషోద్యమపు శక్తి అంతా గ్రాంథికాన్ని తొలగించి వాడుకను నిలపడం మీదే ఖర్చు కావడం దీనికి ఒక ముఖ్య కారణం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు పరిభాషను తయారుచేసినప్పుడు ఎక్కువగా తత్సమాలనే ఎంచుకుంది. అవి భారతీయ భాషలన్నిటికీ సామాన్యంగా ఉంటాయన్నది దాని వెనుక వాదం. మరోవైపు పత్రికలు, చిన్న అభిమాన బృందాలు దేశ్య ధాతువులతో కొత్త మాటలు కడుతున్నాయి. ఇంటర్నెట్టుకు అంతర్జాలం అనే తత్సమం రాతలో నిలిచినా నోటిలో నెట్టు అనే పొట్టి మాటే నిలిచింది. బస్సు, రోడ్డు, టిక్కెట్టు వంటి ఇంగ్లీషు మాటలు చివర ఉకారం చేర్చుకొని విభక్తులు తొడుక్కొని, పూర్వం తత్సమాలు నడిచిన దారిలోనే నడిచాయి.

ఈ దశలో అద్దంకి పరిసరాల వారు ఇద్దరు ఈ విషయంపై చెరగని ముద్ర వేశారు. వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ పత్రికా రచయితలకు భాషా పాఠాలు చెబుతూ, పాఠకుడికి తెలిసే మాటే సరైన మాట అని పట్టుబట్టాడు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి రాష్ట్రమంతటా తిరిగి సేకరించిన పదాలతో మాండలిక వృత్తి పదకోశానికి రూపకల్పన చేశాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన 1962లో వెలువడిన తొలి సంపుటం వ్యవసాయ వృత్తికి చెందినది. నాగలిలోని భాగాలు, నేలల రకాలు, కల్లంలో పనులు, కొలతలు ఏ జిల్లాలో ఏ మాటతో చెబుతారో అది జిల్లాలవారీగా నమోదు చేసింది. అప్పటివరకు నిఘంటువులు కావ్యాల నుంచి పదాలు తీసుకోగా ఈ కోశం దున్నేవారి నోటి నుంచి తీసుకొంది. ఏ మాటనూ గ్రామ్యమని తోసిపుచ్చలేదు. తరువాత చేనేత మొదలైన ఇతర వృత్తుల పదాలకూ ఇదే పద్ధతిలో సంపుటాలు వచ్చాయి.